11 సెంటీమీటర్ల అండాశయ గడ్డ: ల్యాప్రోస్కోపీనా, పొట్ట కోసి చేసే ఆపరేషనా?

మీరు రాసింది, దాంతో పాటు పెట్టిన స్కాన్ రిపోర్టు రెండూ జాగ్రత్తగా చదివాను. మిగతావాళ్లకు కూడా అర్థం కావాలని ముందు విషయం చెప్తాను. అమ్మగారికి 53 ఏళ్లు, నెలసరి ఆగి నాలుగేళ్లయింది, షుగర్ ఉంది. పొట్ట ఉబ్బరంగా ఉందని మిర్యాలగూడలో స్కాన్ తీయిస్తే కుడి ఓవరీలో, అంటే అండాశయంలో, 11 సెంటీమీటర్ల గడ్డ కనపడింది, లోపల గదులు గదులుగా నీరు, ఒక పక్కన గట్టి భాగం, పొట్టలో వేరే నీరు లేదు. రక్త పరీక్షలో సీఏ 125 (అండాశయ క్యాన్సర్ అనుమానం ఉన్నప్పుడు చూసే పరీక్ష) విలువ 140. అక్కడి గైనిక్ డాక్టరు ల్యాప్రోస్కోపీలో, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో, తీసేద్దాం, మూడో రోజు ఇంటికి పోవచ్చు అన్నారు. హైదరాబాద్‌లో చూపించిన క్యాన్సర్ సర్జన్ మాత్రం బొడ్డు పైనుంచి కింది దాకా నిలువు కోత పెట్టి ఓపెన్‌గానే చేయాలి అన్నారు. నాన్నగారేమో పెద్ద కోత అంటే భయపడుతున్నారు, పైగా మీ వదినకు పిత్తాశయంలో రాళ్లు చిన్న రంధ్రాలతోనే తీసి మర్నాడే పంపించారు కదా, అమ్మకు ఎందుకు కుదరదు అని ఇంట్లో వాదన.

నేను ఆడవాళ్ల క్యాన్సర్ ఆపరేషన్లే చేస్తాను. సొంతూరు దేవరకొండ దగ్గర, పని హైదరాబాద్‌లో. అచ్చంపేట, కల్వకుర్తి, నకిరేకల్, సూర్యాపేట నుంచి వచ్చేవాళ్లలో ఇదే ప్రశ్న అడగనివాళ్లు తక్కువ. కాబట్టి జవాబు ముందే చెప్పి కారణాలు తర్వాత చెప్తాను: అమ్మగారికి ఓపెన్ ఆపరేషనే చేయించండి, అదీ క్యాన్సర్ సర్జన్ చేతనే, ఫ్రోజెన్ సెక్షన్ (ఆపరేషన్ జరుగుతుండగానే గడ్డను పరీక్షించి క్యాన్సరా కాదా చెప్పే) సౌకర్యం ఉన్న దవాఖానాలోనే. ల్యాప్రోస్కోపీకి నేను వ్యతిరేకిని కాదు, రోజూ చేస్తూనే ఉంటాను. అమ్మగారి గడ్డకు అది సరిపోదు, అంతే.

ముందు ఇది క్యాన్సరేనా అన్న సంగతి. ఎవరూ ఇప్పుడే చెప్పలేరు, నేనూ చెప్పలేను. సీఏ 125 ఒక్కదాన్ని చూసి బెంబేలు పడొద్దు, అది ఎండోమెట్రియోసిస్‌లో (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు) పెరుగుతుంది, గర్భసంచిలో గడ్డలుంటే పెరుగుతుంది, కడుపులో టీబీ ఉంటే అయితే వందల్లోకి పోతుంది. అదే సమయంలో స్టేజ్ 1 అండాశయ క్యాన్సర్ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి అది మామూలుగానే ఉంటుంది. అందుకే ఒక్క నంబరును కాకుండా అన్నీ కలిపి చూడాలి. 1990లో ఇంగ్లండ్ డాక్టర్లు ఒక సులువైన లెక్క ఇచ్చారు, ఇప్పటికీ అందరం వాడుతున్నాం. స్కాన్‌లో అనుమానించాల్సిన లక్షణాలు రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే 3, నెలసరి ఆగిపోయి ఉంటే 3, ఈ రెండింటినీ సీఏ 125తో గుణించాలి. అమ్మగారి స్కాన్‌లో గదులూ ఉన్నాయి, గట్టి భాగమూ ఉంది, నెలసరి ఆగింది, అంటే 3 సార్లు 3 సార్లు 140, మొత్తం 1260. 200 దాటితే మామూలు గైనిక్ సర్జన్ కాకుండా క్యాన్సర్ సర్జన్ చూడాలన్నది నియమం. 1260 వచ్చిందంటే క్యాన్సర్ ఖాయం అని కాదు, ఇంత వచ్చాక కూడా మామూలు గడ్డగా తేలినవాళ్లు ఉన్నారు. కానీ క్యాన్సర్ అయి ఉండొచ్చు అనుకునే ఆపరేషన్ మొదలుపెట్టాలి. మామూలు గడ్డ అనుకుని మొదలుపెట్టి మధ్యలో క్యాన్సర్ అని తెలిస్తే అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉంటుంది.

ఆ నష్టమేంటో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో వాదనంతా కోత పొడవు మీదే నడుస్తోంది, అసలు సంగతి ఎవరూ మాట్లాడటం లేదు.

అండాశయ క్యాన్సర్ ఓవరీ లోపలే ఉండి, పై పొర చెక్కుచెదరకుండా ఉంటే దాన్ని స్టేజ్ 1ఏ అంటాం. రెండు ఓవరీల్లోనూ అలా ఉంటే 1బీ. అదే గడ్డ తీస్తున్నప్పుడు పగిలి లోపలి నీరు పొట్టలోకి కారితే అప్పటికప్పుడు అది 1సీ1 అయిపోతుంది. ఆపరేషన్‌కు ముందే పగిలి ఉన్నా, క్యాన్సర్ గడ్డ పైపొర మీదికి వచ్చి ఉన్నా 1సీ2. పొట్టలోని నీటిలోనో, కడిగిన నీటిలోనో క్యాన్సర్ కణాలు దొరికితే 1సీ3. ఇది 2014 నుంచి ప్రపంచమంతా వాడుతున్న వర్గీకరణ. అంటే థియేటర్‌లోకి 1ఏతో వెళ్లిన మనిషి, సర్జన్ చేతిలో గడ్డ పగిలినందుకు 1సీగా బయటికి రావచ్చు. కొన్ని రకాల్లో 1ఏకి ఆపరేషన్‌తోనే వైద్యం అయిపోతుంది, అదే 1సీ అయితే చాలామంది డాక్టర్లు కీమో వైపు మొగ్గుతారు. అంటే మూడు వారాలకోసారి మిర్యాలగూడ నుంచి హైదరాబాద్, జుట్టు రాలడం, రక్తం తగ్గడం, చేతులూ కాళ్లూ తిమ్మిర్లు, అందులోనూ అమ్మగారికి షుగర్. ఇదంతా ఒక్క చుక్క కారడం వల్ల.

పగిలితే నిజంగా మళ్లీ వచ్చే ప్రమాదం పెరుగుతుందా, లేక కాగితం మీద స్టేజ్ మారడమేనా అని అడగొచ్చు. 2001లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 1545 మంది స్టేజ్ 1 రోగుల వివరాలు కలిపి చూసిన పరిశోధన వచ్చింది. అందులో అన్నిటికంటే ఎక్కువ ప్రభావం చూపింది క్యాన్సర్ గ్రేడు, అంటే కణాలు మైక్రోస్కోపులో ఎంత చెడిపోయినట్టు కనిపిస్తాయన్నది. దాని తర్వాత ఆపరేషన్‌కు ముందే పగలడం, ఆపరేషన్‌లో పగలడం రెండూ విడివిడిగా లెక్కలోకి వచ్చాయి. కాబట్టి గడ్డ చెక్కుచెదరకుండా బయటికి రావడం సర్జన్ల పట్టింపు కాదు, ప్రాణానికి సంబంధించినది.

ఇప్పుడు 11 సెంటీమీటర్ల గడ్డను చిన్న రంధ్రంలోంచి ఎలా తీస్తారో ఆలోచించండి. మన నల్గొండ బత్తాయి ఒకటి చేతిలో పట్టుకుని చూడండి, అమ్మగారి గడ్డ దానికంటే బాగా పెద్దది, రంధ్రం వెడల్పు ఒక సెంటీమీటరు చుట్టుపక్కల. పొట్ట లోపలే దాన్ని ప్లాస్టిక్ సంచిలో వేసి, సంచి మూతిని బయటికి లాగి, సంచి లోపలే గడ్డకు సూది గుచ్చి నీరు లాగేసి కుదించి తీస్తారు. పూర్తిగా నీటి గడ్డ అయితే ఇది బాగానే పనిచేస్తుంది. గట్టి భాగం ఉంటే కుదరదు, అది కుదించుకుపోదు కదా. అప్పుడు రంధ్రాన్ని పెద్దది చేయాల్సిందే. పైగా సంచిలోకి పోకముందే, ఓవరీని చుట్టుపక్కల అతుకుల నుంచి విడదీసేటప్పుడే పగిలే అవకాశం ఎక్కువ, పెద్ద గడ్డను సన్నని పరికరాలతో పట్టుకుని తిప్పడం కష్టం. ముక్కలు ముక్కలుగా తరిగి తీసే యంత్రం ఒకటి ఉంది, అనుమానం ఉన్న గడ్డకు దాన్ని దగ్గరికి కూడా రానివ్వకూడదు.

ఇంకో మాట. కొన్ని స్కాన్ సెంటర్లలో సూదితో నీళ్లు లాగేసి పరీక్షకు పంపిద్దాం అంటారు. అమ్మగారికి అలా ఎవరన్నా అంటే వద్దని గట్టిగా చెప్పండి. ఓవరీ లోపలే ఉన్న గడ్డకు బయటినుంచి సూది గుచ్చడమంటే మన చేతులతో మనమే పగలగొట్టినట్టు. ఆ నీటిలో క్యాన్సర్ కణాలు దొరక్కపోయినా క్యాన్సర్ లేదని నమ్మడానికి లేదు. అంటే లాభం లేదు, నష్టం మాత్రం ఉంది.

గడ్డ తీయడం సగం పనే. మిగతా సగం స్టేజింగ్, అంటే క్యాన్సర్ ఎక్కడెక్కడ పాకిందో వెతకడం. మీ వదిన పిత్తాశయం ఆపరేషన్‌కూ దీనికీ తేడా ఇక్కడే ఉంది, అక్కడ ఒక అవయవం తీసేస్తే పని అయిపోయింది, ఇక్కడ పొట్టంతా వెతకాలి. అండాశయ క్యాన్సర్‌కు రక్తంలో పాకడం కంటే పొట్టలోపలి పొర మీద గింజల్లా చల్లుకుపోవడం ఎక్కువ అలవాటు. ఆ గింజలు సీటీ స్కాన్‌లో కనపడనంత చిన్నవి కావచ్చు. అందుకే పొట్ట తెరవగానే ముందు ఉప్పునీటితో కడిగి ఆ నీటిని పరీక్షకు తీస్తాం. తర్వాత గడ్డ ఉన్న ఓవరీని ట్యూబుతో సహా పగలకుండా తీసి ఫ్రోజెన్ సెక్షన్‌కు పంపుతాం. పాథాలజీ డాక్టరు దాన్ని గడ్డకట్టించి, పలుచగా కోసి, మైక్రోస్కోపులో చూసి, అమ్మగారు ఇంకా మత్తులో ఉండగానే, అరగంట ముప్పావు గంటలో ఫోన్ చేసి చెప్తారు. మామూలు గడ్డ అంటే అక్కడితో చాలావరకు పని అయిపోయినట్టే. క్యాన్సర్ అంటే గర్భసంచి, రెండో ఓవరీ, పేగుల మీద పరదాలా వేలాడే ఓమెంటం అనే కొవ్వు పొర, కటి భాగంలోనూ పెద్ద రక్తనాళం పక్కనా ఉండే లింఫ్ గ్రంథులు, డయాఫ్రం (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండర పొర) కింద, పేగుల పక్కన, మూత్రాశయం మీద పొర ముక్కలు, ఇవన్నీ తీసి విడివిడిగా డబ్బాల్లో పంపాలి. మ్యూకస్ రకం (లోపల జిగురులాంటి ద్రవం ఉండేది) అయితే అపెండిక్స్ కూడా చూడాలి, బాగా లేకపోతే తీసేయాలి. పెద్ద గడ్డల్లో, ముఖ్యంగా మ్యూకస్ రకంలో, ఫ్రోజెన్ సెక్షన్ ఒక్కోసారి తప్పు చెప్తుంది. ఒక మూల మామూలుగా ఉండి ఇంకో మూల క్యాన్సర్ ఉండొచ్చు, ఆ కాసేపట్లో అన్ని మూలలూ చూడలేరు. చివరి బయాప్సీ రిపోర్టే చివరి మాట.

ఇంత వెతకడం అవసరమా అంటే, 1983లో అమెరికాలో ఒక అధ్యయనం చేశారు. తొలి స్టేజే అనుకుని పంపిన 100 మందిని మళ్లీ పద్ధతి ప్రకారం వెతికితే 31 మందికి స్టేజ్ పైకి పోయింది, వాళ్లలో ఎక్కువమందికి తేలింది స్టేజ్ 3. అంటే పైకి ఓవరీ దగ్గరే ఆగినట్టు కనిపించినా దాదాపు ముగ్గురిలో ఒకరికి ఎక్కడో గింజ పడి ఉంది. ఆ తర్వాత 2003లో యూరప్‌లో 448 మందితో చేసిన ఒక ట్రయల్ ఫలితాలు వచ్చాయి, తొలి స్టేజ్ వాళ్లలో సగం మందికి కీమో ఇచ్చారు, సగం మందికి ఇవ్వలేదు. స్టేజింగ్ సరిగ్గా జరిగినవాళ్లు అందులో మూడో వంతు మందే. వాళ్లకు కీమో వల్ల అదనంగా లాభం కనిపించలేదు, స్టేజింగ్ సగంసగం జరిగినవాళ్లకే కనిపించింది. కీమో పనిచేసింది బహుశా వెతకకుండా వదిలేసిన గింజల మీద. నేను దీన్ని ఇలా చదువుతాను: వెతకడంలో బద్ధకం చేస్తే దాని బాకీ రోగి కీమోతో తీర్చాల్సి వస్తుంది.

మరి ఈ వెతుకులాట ల్యాప్రోస్కోపీలో చేయలేరా? చేయగలరు. చేయి తిరిగిన సర్జన్ పైన చెప్పినవన్నీ రంధ్రాల్లోంచే చేస్తారు, కటి భాగంలో అయితే కెమెరాలో కంటికంటే పెద్దగా, స్పష్టంగా కనిపిస్తుంది కూడా. నొప్పి తక్కువ, రక్తం తక్కువ పోతుంది, కుట్ల దగ్గర చీము పట్టడం తక్కువ, త్వరగా లేచి తిరుగుతారు, కీమో అవసరమైతే త్వరగా మొదలుపెట్టొచ్చు. షుగర్ ఉన్న మనిషికి ఇవేవీ చిన్న విషయాలు కావు, నాన్నగారి ఆలోచనలో న్యాయం ఉంది. కానీ కెమెరాకు చేయి లేదు. పేగుల మడతల మధ్య, కాలేయం వెనక, ప్లీహం పక్కన చేత్తో తడిమితేనే తగిలే గింజలు ఉంటాయి. కొన్నిసార్లు కన్ను ఏమీ లేదన్నచోట వేలికి తగులుతుంది.

పెద్ద పరిశోధనలు ఏం చెప్తున్నాయి అని కూడా అడిగారు. ఉన్నదున్నట్టు చెప్తాను. స్టేజ్ 1 అండాశయ క్యాన్సర్‌లో ల్యాప్రోస్కోపీ, ఓపెన్ రెండింటినీ చీటీ తీసినట్టు రోగులకు కేటాయించి పోల్చిన ట్రయల్స్ ఏమన్నా ఉన్నాయా అని కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 2008లో వెతికింది, ఒక్కటీ దొరకలేదు. తర్వాత మళ్లీ వెతికినప్పుడూ అదే ఫలితం. ఉన్నవన్నీ ఆయా దవాఖానాలు తమ పాత రికార్డులు తిరగేసి రాసినవి. వాటిలో చాలావరకు ల్యాప్రోస్కోపీ వల్ల ప్రాణానికి అదనపు ముప్పు కనపడలేదు. కానీ చిన్న గడ్డలు, సులువైన కేసులు, సన్నగా ఉన్నవాళ్లు ల్యాప్రోస్కోపీకి పోయి, పెద్దవీ కష్టమైనవీ ఓపెన్‌కు పోతే ఆ పోలికకు విలువెంత?

ఆ పాత రికార్డులను నేను ఎందుకు పూర్తిగా నమ్మనో చెప్పడానికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ సంగతి చెప్పాలి. అది వేరే క్యాన్సర్, లెక్కలు అక్కడివి ఇక్కడికి తేకూడదు. అక్కడ కూడా ఏళ్ల తరబడి రికార్డులన్నీ రెండూ సమానమే అన్నాయి, ప్రపంచమంతా ల్యాప్రోస్కోపీ, రోబో వైపు పరుగెత్తింది. 2018లో సరైన ట్రయల్ ఫలితం వచ్చింది. నాలుగున్నరేళ్ల తర్వాత క్యాన్సర్ తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు ఓపెన్‌లో 96.5 శాతం, చిన్న రంధ్రాల పద్ధతిలో 86 శాతం. మా రంగం మొత్తం ఒక్కసారి ఆగి వెనక్కి చూసుకుంది. నేను కూడా ఆ ఆపరేషన్ విషయంలో ఓపెన్‌కు తిరిగొచ్చాను. అండాశయంలోనూ అలాగే జరుగుతుందని కాదు నేననేది. అలాంటి ట్రయల్ లేనప్పుడు, 11 సెంటీమీటర్ల గట్టి గడ్డ మీద, మీ అమ్మగారి మీద, ఆ పందెం కాయొద్దు అంటున్నాను.

అయితే ఎలాంటివాళ్లకు నేను ల్యాప్రోస్కోపీ చేస్తాను? గడ్డ చిన్నది, పగలకుండా సంచిలో పడుతుంది అని నమ్మకం ఉండాలి, అతుకులు ఉండకూడదు. ఇంకో సందర్భం ఎక్కువగా మన ఊళ్ల నుంచే వస్తుంది. మామూలు గడ్డ అని ఎక్కడో ఓవరీ తీసేస్తారు, పదిరోజులకు బయాప్సీలో క్యాన్సర్ అని వస్తుంది, అప్పుడు ఏడుస్తూ వస్తారు. గడ్డ ఎలాగూ పోయింది, పగిలే ప్రశ్న లేదు, మిగిలింది వెతకడమే, దానికి ల్యాప్రోస్కోపీ చక్కగా సరిపోతుంది. మూడోది పూర్తిగా వేరే పని. పొట్ట నిండా నీరు, క్యాన్సర్ అంతటా పాకిందన్న అనుమానం ఉన్నప్పుడు ముందు ఒక కెమెరా పెట్టి, మొత్తం తీసేయడం కుదురుతుందా లేదా చూస్తాం. కుదరదనిపిస్తే ముక్క తీసి బయటికొచ్చి ముందు కీమో ఇస్తాం. నెదర్లాండ్స్‌లో చేసిన ట్రయల్ 2017లో వచ్చింది, ఇలా ముందు చూడకుండా నేరుగా కోసినవాళ్లలో 39 శాతం మందికి ఆ పెద్ద కోత వృథా అయింది, ముందు కెమెరాతో చూసినవాళ్లలో 10 శాతమే. మన దగ్గర దీనికి ఇంకో లాభం కూడా ఉంది. పొట్టలో నీరు, సీఏ 125 వందల్లో, మనిషి చిక్కిపోవడం, చూస్తే ముదిరిన క్యాన్సరే అనిపిస్తుంది, ముక్క తీసి చూస్తే టీబీ అని తేలుతుంది. అలాంటి ఆడపిల్లలకు గర్భసంచి పోకుండా మందులతోనే నయమైపోతుంది. అమ్మగారికి పొట్టలో నీరు లేదు కాబట్టి ఈ దారి మీకు వర్తించదు, చదివే వేరేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. అలాగే పెళ్లి కాని పిల్లలకు, ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లకు ఇలాంటి గడ్డ వస్తే గర్భసంచీ, రెండో ఓవరీ ఉంచి స్టేజింగ్ చేసే పద్ధతి ఉంది, వాళ్లకు ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ అనే రక్త పరీక్షలు ముందే చేయించాలి. అన్నీ తీసేయాల్సిందే అని ఎవరన్నా అంటే ఇంకో డాక్టరుకు చూపించకుండా ఒప్పుకోవద్దు.

మధ్యే మార్గం ఏదన్నా ఉందా అన్నారు. ఉంది. ముందు కెమెరా పెట్టి చూసి, ఆ తర్వాత అవసరమైనంత కోత పెట్టి గడ్డను పగలకుండా తీసే పద్ధతి. మీ హైదరాబాద్ సర్జన్ దానికి సరే అంటే నాకు అభ్యంతరం లేదు. షరతు ఒక్కటే, కోత చిన్నగా ఉండాలన్న పట్టుదలతో గడ్డను నలపకూడదు. అడ్డంగా, సిజేరియన్ కోతలాగా పెడతాం, పైకి కనపడదు అంటే మాత్రం ఒప్పుకోకండి. ఆ కోతలోంచి డయాఫ్రం దాకా చేయి పోదు.

నాన్నగారి భయం సంగతి. పెద్ద కోత అంటే నెలల తరబడి మంచంలో ఉండాలని అనుకుంటున్నట్టున్నారు. మర్నాడే లేపి నడిపిస్తారు, అంతా సవ్యంగా ఉంటే వారంలోపు ఇంటికి పంపిస్తారు. ల్యాప్రోస్కోపీకి మత్తు తక్కువ ఇస్తారన్నది కూడా నిజం కాదు, రెండింటికీ పూర్తి మత్తే, పైగా ల్యాప్రోస్కోపీలో పొట్టలో గ్యాస్ నింపి తల కిందికి వంచి పడుకోబెడతారు, గుండె, ఊపిరితిత్తులు బాగాలేనివాళ్లకు అదే ఎక్కువ ఇబ్బంది. ఓపెన్‌లో నిజంగా భయపడాల్సినవి వేరే. కుట్ల దగ్గర చీము, తర్వాత్తర్వాత కోత దగ్గర హెర్నియా, కాళ్లలో రక్తం గడ్డకట్టడం. షుగర్‌ను ఇప్పటినుంచే అదుపులో పెడితే మొదటిది చాలా తగ్గుతుంది, మూడు నెలల సగటు చెప్పే షుగర్ పరీక్ష (హెచ్‌బీఏ1సీ) ఈ వారంలోనే చేయించండి. రెండోదానికి మూడు నెలలు బరువులు ఎత్తనివ్వకండి. పత్తి ఏరే సీజన్ వచ్చిందని చేనుకు పంపొద్దు, ఆమె వద్దన్నా పోతానంటారు, మీరే పట్టుబట్టాలి. మూడోదానికి పొట్ట మీద ఇచ్చే చిన్న ఇంజెక్షన్ ఉంది, క్యాన్సర్ అని తేలితే ఇంటికొచ్చాక కూడా మొత్తం నాలుగు వారాలు ఇస్తారు. అది రాయడం మర్చిపోతే గుర్తుచేయండి, మిర్యాలగూడలో ఏ నర్సమ్మ అయినా వేయగలరు.

ఆపరేషన్‌కు ముందు ఛాతీ, పొట్ట కలిపి కాంట్రాస్ట్ సీటీ చేయిస్తారు. సీఈఏ, సీఏ 19-9 అనే రక్త పరీక్షలు కూడా చేయించమనండి, అవి పెరిగితే జీర్ణాశయంలోనో పెద్ద పేగులోనో మొదలై ఓవరీకి వచ్చిన క్యాన్సరేమో చూడాలి, అప్పుడు ఎండోస్కోపీ కావాలి. ఈ పరీక్షలకు, షుగర్‌కు రెండు మూడు వారాలు పడితే పరవాలేదు. పండగ వెళ్లాక, పంట కోతలు అయ్యాక అని నెలలు జరపడం మాత్రం వద్దు.

ఎక్కడ అంటే, హైదరాబాద్‌లో ప్రభుత్వానిది రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖానా ఉంది, పంజాగుట్టలో నిమ్స్ ఉంది, బంజారాహిల్స్‌లో బసవతారకం ఉంది. ఆహార భద్రత కార్డు ఉందని రాశారు కాబట్టి ఆరోగ్యశ్రీ పనికొస్తుంది, 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా పరిమితి పెంచారు. కార్డు, ఆధార్, ఇప్పటిదాకా తీసిన స్కాన్ ఫిల్ములు పట్టుకుని ముందు ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర అడగండి, అనుమతి వచ్చేదాకా కొంచెం తిరగాల్సి వస్తుంది, పరేషాన్ కావొద్దు. మిర్యాలగూడ డాక్టరును తప్పుపట్టకండి, ఆయన మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉంటారు. కానీ అక్కడ థియేటర్ పక్కన ఫ్రోజెన్ సెక్షన్ చూసే పాథాలజిస్టు ఉన్నారా, క్యాన్సర్ అని తేలితే లింఫ్ గ్రంథులు తీయగలిగిన సర్జన్ ఆరోజే ఉంటారా అని మర్యాదగా అడగండి. లేరంటే గడ్డ వరకు తీసి మూసేసి, రెండో ఆపరేషన్‌కు మళ్లీ హైదరాబాద్ పంపాల్సి వస్తుంది. ఒకే మనిషికి నెలలో రెండు మత్తులు, రెండు ఖర్చులు.

హైదరాబాద్ సర్జన్‌ను కూడా అడగాల్సినవి ఉన్నాయి. ఓపెన్ అన్నంత మాత్రాన అంతా సరిగ్గా జరుగుతుందని లేదు, పెద్ద కోత పెట్టి ఓమెంటం తీయకుండా, పొట్ట కడిగిన నీరు పంపకుండా మూసేసిన కేసులు నా దగ్గరికి వచ్చాయి. గడ్డ పగలకుండా తీస్తారా, ఫ్రోజెన్ ఉందా, క్యాన్సర్ అయితే ఓమెంటం, లింఫ్ గ్రంథులు, పొర ముక్కలు అన్నీ తీస్తారా అని అడగండి. మంచి సర్జన్‌కు ఈ ప్రశ్నలకు కోపం రాదు. సంతకం పెట్టే కాగితంలో గర్భసంచీ, రెండు ఓవరీలూ తీసే విషయం ఉంటుంది, అది అమ్మగారికి ముందే చెప్పండి. మన ఇళ్లల్లో ఆమెకు తప్ప అందరికీ తెలుస్తుంది. 53 ఏళ్ల మనిషి, ఒళ్లు ఆమెది, ఆమెను కూర్చోబెట్టి చెప్పండి, చాలామంది మనం అనుకున్నదానికంటే ధైర్యంగా వింటారు.

క్యాన్సర్ అని తేలినా, స్టేజ్ 1లోనే దొరికి సరిగ్గా తీయగలిగితే ఐదేళ్ల తర్వాత పదిమందిలో తొమ్మిదిమంది దాకా బతికి ఉంటారు. హై గ్రేడ్ సీరస్ అనే రకం అని వస్తే బీఆర్‌సీఏ జన్యు పరీక్ష (వంశపారంపర్యంగా వచ్చే లోపం ఉందా అని చూసేది) చేయించండి, అమ్మగారి కోసమే కాదు, మీకోసం కూడా. ఆ లోపం అమ్మలో ఉంటే మీకు రావడానికి సగం అవకాశం, ముందే తెలిస్తే జాగ్రత్త పడొచ్చు.

డిశ్చార్జి రోజు బిల్లు కాగితాల హడావిడిలో ఆపరేషన్ నోట్స్ అడగడం మర్చిపోతారు, అది విడిగా అడిగి తీసుకోండి. గడ్డ పగిలిందా లేదా అందులో రాసి ఉండాలి, రాయకపోతే రాయించుకోండి. బయాప్సీ రిపోర్టు వారం పదిరోజులకు వస్తుంది, దాంతో పాటు గడ్డ ముక్కలు దాచిన మైనం బ్లాకులు, స్లైడ్లు ఎక్కడ దాస్తారో కనుక్కోండి, రెండో అభిప్రాయానికి అవే కావాలి. రిపోర్టు వచ్చాక పేరు, ఆసుపత్రి నంబరు చెరిపేసి ఇక్కడ పెట్టండి. క్యాన్సర్ రకం, గ్రేడు, పైపొర సంగతి, ఎన్ని లింఫ్ గ్రంథులు తీశారు, కడిగిన నీటిలో ఏం వచ్చింది, ఇవి కనపడేలా పెడితే కీమో అవసరమా కాదా అన్నది అప్పుడు మాట్లాడుకోవచ్చు.